చెకుముకి – దానికి తగిన ఉక్కు

అగ్గిపెట్టె మన యిండ్లలోనికి వచ్చిన పిమ్మట చెకుముకిసంచి మన మొలనుండి జారిపోయినది. పూర్వము బాటసారి వెంట ఒక రాయి, ఒక ఉక్కుముక్క, కొంచెము దూది ఉండెడివి. నేడు చెకుముకి యనగా పలువురకు తెలిసినది పిల్లల విజ్ఞానపత్రిక పేరు మాత్రమే. అయినను అడవులకు, కొండలకు పోవువారు అట్టి సాధనమునే మరల వెంట గొనిపోవుచున్నారు. అంగడిలో ఒక నల్లని కడ్డీని, దానిని గీయుటకు ఒక చిన్న లోహపుబిళ్లను కలిపి అమ్ముదురు. కొనువారు కడ్డీని పరీక్షింతురు, బిళ్లను పట్టించుకొనరు. పొరపాటంతయు అచ్చటనే ఉన్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట శ్రావణమాసమున మేము పాటలు రికార్డు చేయుటకు పాడేరు కొండలకు పోయితిమి. దారిలో వాగు పొంగుటచే రాత్రి ఒక పాకలో తలదాచుకొనవలసి వచ్చినది. అగ్గిపెట్టెలు తడిసి ముద్దయినవి. మాలో ఒకరికి జ్వరము వచ్చి చలికి వణకుచుండిరి. సంచిలో నల్లకడ్డీ ఉన్నది గాని, బిళ్ల ఎచ్చటనో జారిపోయినది. కూరలు తరుగు కత్తి వాదరతో గీచి చూచితిమి. వాదర మొద్దువారినది, ఒకటి రెండు రవ్వలు తప్ప రాలలేదు. చిన్ననాట చెకుముకి కొట్టిన ఆ పాక పెద్దాయన కొంతసేపు చూచి, “బాబూ, కత్తి తిరగెయ్యండి” అనెను. కత్తివెన్నుతో గీయగానే రవ్వలు జల్లుగా రాలినవి. చూరులోని ఎండుగడ్డి అంటుకొన్నది.

ఆ రాత్రి ఆయన మాటతో పని నెరవేరినది. దాని కారణమును మేము తరువాత తెలిసికొంటిమి. రవ్వ దేనినుండి పుట్టుచున్నదో యెరిగినచో బిళ్ల ఎంపిక తానుగా తెలియును.

పాత చెకుముకిలో రాయి ఉక్కుకన్న కఠినమైనది. రాతియంచు తగిలినప్పుడు ఉక్కునుండి మిక్కిలి సన్నని పొట్టు లేచును. ఆ పొట్టు రాపిడికి వేడెక్కి, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి మండును. కనుక రవ్వ ఉక్కుది, రాతిది కాదు. దీనికి బొగ్గుపాలు హెచ్చుగా ఉండి, కాల్చి నీరుపట్టించిన గట్టి ఉక్కు కావలెను. పాత ఆకురాయి ముక్క శ్రేష్ఠము. మెత్తని యినుము, తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ స్టీలు ఇందుకు పనికిరావు.

నల్లకడ్డీ సంగతి దీనికి విపర్యయము. ఆస్ట్రియా రసాయనశాస్త్రజ్ఞుడు కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1903లో ఈ మిశ్రలోహమునకు పేటెంటు పొందెను. సిగరెట్టు లైటరులోని “రాయి” కూడ ఇదియే. ఇందు ఇనుముతోపాటు ముఖ్యముగా సీరియము అను లోహము కలదు. సీరియమును ఇచ్చు మోనజైటు ఖనిజము మన ఆంధ్రతీరపు ఇసుకలలోను ఉన్నది. ఈ కడ్డీ మెత్తనిది. ఇచ్చట చెక్కబడునది కడ్డీ, చెక్కునది బిళ్ల. కనుక బిళ్ల తాను మండనక్కరలేదు. కడ్డీకన్న గట్టిగా, కోణము చెడని అంచుతో ఉండిన చాలును. అందుచే దీనికి స్టెయిన్‌లెస్ స్టీలు కూడ చక్కగా పనికివచ్చును. వేరేమియు లేనప్పుడు పగిలిన గాజుపెంకు అంచైనను చాలును.

ఎంచుకొనునప్పుడు మొదట అంచును చూడవలెను. అది వాదరవలె పలుచన కారాదు, గుండ్రముగాను ఉండరాదు. గోడమూలవలె సరిగా తొంబది డిగ్రీల కోణముతో ఉండవలెను. బొటనవ్రేలి గోటిపై మెల్లగా లాగినచో సన్నని పొట్టు లేచిన అంచు మంచిది, జారిపోయినది పనికిరాదు. కత్తివెన్ను గుండ్రముగా ఉన్నచో ఆకురాతితో సమముగా రాచుకొనవచ్చును. రంపపు బ్లేడు వెన్ను చవుకగా దొరకు మంచి బిళ్ల. రెండవది పట్టు: చలికి కొంకర్లు పోయిన వ్రేళ్లు కూడ పట్టుకొనునంత పొడవు ఉండవలెను. రెండు విధములకును ఒకటే కావలెనన్నచో, నీరుపట్టించిన ఉక్కును చదరపుటంచుతో చేయించుకొనుట మేలు.

క్రొత్త కడ్డీపై నల్లని పూత ఉండును; ముందుగా దానిని గీచివేయవలెను. గీయునప్పుడు బిళ్లను దూదిదగ్గర కదలకుండ నిలిపి, కడ్డీని వెనుకకు లాగవలెను. అప్పుడు పేర్చిన దూది చెదరదు. తడిసిన కడ్డీని తుడిచి వాడుకొనవచ్చును. తడిసిన దూది మాత్రము అంటుకొనదు. దానిని పొడిగా దాచుకొనుట ముఖ్యము.

చివరిగా ఒక మాట. బిళ్లను కడ్డీకి గట్టి దారముతో కట్టి ఉంచుడు. ప్రయాణమునకు ముందే ఒక వానదినమున, పెరటిలో, ప్రక్కన నీళ్లబిందె పెట్టుకొని, పిల్లలను ఎడముగా ఉంచి, ఒకమారు వెలిగించి చూడుడు. అక్కరపడిన రాత్రి నేర్చుకొనుటకు వ్యవధి ఉండదు. పాక పెద్దాయన వంటివారు ప్రతిచోటను దొరకరు.