గాలిమరలును జింకల బీడును

పొగలేని విద్యుచ్ఛక్తి లోకమునకు మేలని మేమును నమ్ముచున్నాము. పిడకల పొయ్యియొద్ద కన్నులు మండినవారికి ఆ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను ఆ మేలు ఎవరి నేలమీద మొలచుచున్నదని అడుగుటయు ధర్మమేయని, నార్వే దేశపు వృత్తాంతమొకటి చదివిన పిదప మాకు తోచినది.

ఆ దేశమున ఫోసెన్ అను ద్వీపకల్పము కలదు. అచ్చటి సామీలను ఆదివాసులు తరతరములుగ రెయిన్‌డీర్ అనెడి జింకలను మేపుకొని జీవించువారు. చలికాలమున ఆ జింకలు మంచును గిట్టలతో త్రవ్వి, క్రిందనున్న రాతిపాచిని తినును. అట్టి మేత దొరకు మెట్టలమీదనే, స్టోర్‌హెయా, రోఆన్ అనుచోట్ల, 151 గాలిమరలు లేచినవి. సామీలు వలదని మొఱపెట్టిరి. 2018లో ఐక్యరాజ్యసమితి సంఘమొకటి పని నిలుపుడని కోరెను. పని నిలువలేదు. తిరుగుచున్న ఱెక్కల చెంతకు జింకలు రాజాలవు గదా!

క్రింది న్యాయస్థానము, జింకలను దొడ్డిలోనుంచి మేత కొని వేయుటకని దాదాపు 9 కోట్ల క్రోనుల పరిహారము నిర్ణయించెను. వినుటకిది ఉదారముగనే యున్నది. కాని ఒకరి పొలము పుచ్చుకొని ఏటేట బియ్యపుబస్తా పంపుదుమన్నచో, ఆ యింటి యిల్లాలు ఏ విత్తనము దాచవలెను? బిడ్డలకు ఏ పని నేర్పవలెను? జింకలవెంట తిరుగుటలోనే సామీల భాషయు, పాటయు, బాంధవ్యమును నిలిచియున్నవి.

2021 అక్టోబరు 11వ తేదీన సర్వోన్నత న్యాయస్థానపు న్యాయాధిపతులు 11 మందియు ఏకగ్రీవముగ, ఆ అనుమతులు చెల్లవనిరి. తమ సంస్కృతిననుసరించి జీవించు హక్కునకు భంగము కలిగినదని తీర్పు. అయినను మరలు తిరుగుచునేయుండెను! 500 దినములు గడచిన పిదప, 2023 ఫిబ్రవరిలో, సామీ యువతీయువకులు ఓస్లో నగరమున మంత్రిగారి కార్యాలయములో కూర్చుండి కదలమనిరి. తమ సంప్రదాయ వస్త్రములను లోపలివైపు వెలుపలికి త్రిప్పి ధరించిరి. మాటలకంటె ఆ వస్త్రములే మా మనస్సున నిలిచినవి. మార్చి 2వ తేదీన ప్రభుత్వము క్షమాపణ వేడెను.

ఆ సంవత్సరము డిసెంబరులో దక్షిణ ఫోసెను కుటుంబములతో ఒడంబడిక కుదిరెను. ఏటేట ధనము, విద్యుత్తులో భాగము, వేఱొక చలికాలపు బీడు. అన్నిటికంటె ముఖ్యము, వారి సమ్మతిలేనిదే మరల గడువు పొడిగింపరాదనుట. ఉత్తరపువారితో 2024 మార్చిలో సంధి జరిగినది.

న్యూజిలండులో వేఱొక త్రోవ త్రొక్కిరి. 2010లో ఆరంభమైన ఙా ఆవా పురువా అను భూతాప విద్యుత్కేంద్రమున, ఆ నేలకు చెందిన మావోరీల ధర్మసంస్థ మొదటినుండియు భాగస్వామియే. ఫోసెనులో ఆ భాగము తీర్పు తరువాత వచ్చినది; మరలు నేటికిని ఆ మెట్టలమీదనే యున్నవి.