శత్రువు రాత చదివి, శత్రువు కథ రాసిన అధికారి

తాతలు రంగం వెళ్ళి సంపాదించిన కబుర్లు, అక్కడి నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగొచ్చిన కబుర్లు కోస్తా జిల్లాల పల్లెల్లో నేటికీ వినవస్తుంటాయి. వారిని అలా పరుగులు పెట్టించిన బర్మా యుద్ధాన్ని ఇరుపక్షాల మాటా విని గ్రంథస్థం చేసిన వ్యక్తి లూయీ అలెన్. ఆయన బ్రిటిష్ సైన్యంలో ఇంటెలిజెన్స్ అధికారి. తుపాకీ కన్నా నిఘంటువుతోనే ఆయనకు పని ఎక్కువ.

1922లో జన్మించిన అలెన్ చదివినది ఫ్రెంచి భాష. 1941 డిసెంబరులో జపాను యుద్ధంలోకి దిగే నాటికి బ్రిటిష్ సైన్యంలో జపాను భాష వచ్చినవారు బహు కొద్దిమంది. అందుచేత చురుకైన కుర్రవాళ్ళను ఏరి, లండన్‌లోని ప్రాచ్య భాషల విద్యాలయంలో కూర్చోబెట్టి ఆ భాష నూరిపోశారు. అలెన్ వారిలో ఒకరు. ఆ చదువు కాగానే ఆయనను ఇటు తూర్పు దేశాలకు పంపారు. పట్టుబడిన సైనికులను ప్రశ్నించడం, దొరికిన కాగితాలను తర్జుమా చేయడం ఆయన ఉద్యోగం. తమ లిపి తెల్లవారికి అంతుబట్టదన్న ధీమాతో జపాను సైనికులు డైరీలు రాసుకుని వెంట ఉంచుకునేవారు. ఆ ధీమాయే అవతలి పక్షానికి ఆయుధమయింది.

ఒక్క కాగితం

1945 మే నెలలో బ్రిటిష్, భారత సేనలు రంగూన్‌ను తిరిగి పట్టుకున్నాయి. జనరల్ సకురాయి నాయకత్వంలోని జపాను 28వ సైన్యం పెగూ కొండల్లో చిక్కుపడిపోయింది. వర్షాలు ముమ్మరంగా ఉన్నాయి. తిండి లేదు, మందులు లేవు. రోడ్డు దాటి, పొంగి పొర్లుతున్న సిట్టాంగ్ నదిని వెదురుబొంగుల సాయంతో ఈది తూర్పు ఒడ్డు చేరడమొక్కటే వారికి మిగిలిన దారి.

జులై మొదట్లో గూర్ఖా సిపాయిల గస్తీ దళానికి ఒక జపాను ఉత్తర్వు చేజిక్కింది. అది 17వ భారత డివిజన్‌లోని ఇంటెలిజెన్స్ వారికి, అలెన్ చేతికి వచ్చింది. ఏ దళం ఏ దారిన రోడ్డు దాటాలో అందులో ఉంది. తర్జుమా పూర్తికాగానే ఆ దారులన్నిటి మీదా ఫిరంగులు, మెషీన్‌గన్‌లు కాపు వేశాయి. ఇరవై వేలకు అటూ ఇటూగా బయలుదేరిన జపాను సైనికులలో సగానికి పైగా ఇక లేరు. కొందరు రోడ్డు మీద కూలారు, కొందరిని వరద తీసుకుపోయింది, ఆకలి, జ్వరాలు మరికొందరిని బలిగొన్నాయి. ఇవతలి పక్షాన చనిపోయినవారు వందలోపే. నెల తిరక్కుండా ఆగస్టు 15న జపాను లొంగిపోయింది.

1942 ఫిబ్రవరి 23న ఇదే సిట్టాంగ్ నది మీద వంతెనను బ్రిటిష్ వారే పేల్చివేయగా, ఇదే 17వ డివిజన్‌లో అధిక భాగం అవతలి ఒడ్డున చిక్కుకుపోయింది. ఎందరో మన సిపాయిలు ఈదలేక ఏటిపాలయ్యారు. మూడేళ్ళు తిరిగేసరికి అదే గతి జపాను వారికి పట్టింది.

అవతలివారి మాట

యుద్ధానంతరం అలెన్ ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి అధ్యాపకులుగా చేరారు. జీవనోపాధి ఫ్రెంచి అయినా, మనసు బర్మానూ జపాను భాషనూ విడువలేదు. బర్మాలో బ్రిటిష్ వారికి యుద్ధఖైదీగా ఉన్న అయిదా యూజీ అనే జపాను ఆచార్యుని అనుభవాలను మరొకరితో కలిసి ఆంగ్లంలోకి అనువదించారు. ఆ పుస్తకంలో తెల్లవారి మీద తీవ్రమైన విమర్శలున్నాయి. అయినా తమవారికి చేదుగా ఉంటుందని ఆయన వెనుకాడలేదు.

1973లో ‘సిట్టాంగ్: ది లాస్ట్ బాటిల్’ వెలువడింది. తాను తర్జుమా చేసిన ఉత్తర్వును నమ్ముకుని నడిచినవారికి ఏమైందో జపాను వారి రాతల ఆధారంగానే అందులో చెప్పారు. 1984లో ‘బర్మా: ది లాంగెస్ట్ వార్’ అనే ఆరు వందల పైచిలుకు పేజీల గ్రంథం వచ్చింది. బర్మా యుద్ధంపై పనిచేసేవారు నేటికీ ముందుగా తెరిచే పుస్తకాలలో అదొకటి. 1991లో ఆయన కన్నుమూశారు.

మనవారి సంగతి

యుద్ధానికి ముందు రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. బర్మాలో లక్షకు పైగా తెలుగువారు ఉండేవారు. రేవులో మూటలు మోసినా, మరమిల్లుల్లో కూలిచేసినా వారే. కాకినాడ చెంత కోరంగి రేవు పేరున వారిని కోరంగీలని పిలిచేవారు. 1942లో జపాను సేన చొచ్చుకురావడంతో లక్షలాది భారతీయులు కొండలు, అడవుల గుండా కాలినడకన బయలుదేరారు. దారిలో కలరాకు, ఆకలికి రాలిపోయినవారు వేల సంఖ్యలో ఉన్నారు. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా జపాను బాంబులు పడ్డాయి.

రంగూన్ శివారులోని తౌక్యాన్ శ్మశానవాటికలో, సమాధి దొరకని సుమారు 27,000 మంది సైనికుల పేర్లు రాతిస్తంభాలపై చెక్కి ఉన్నాయి. వారిలో అత్యధికులు భారత సైన్యం వారే. కాలినడకన వస్తూ పోయిన కూలీలకు రాయీ లేదు, పేరూ లేదు. ఓడిన శత్రువు కథను సైతం ఒక పరదేశీయుడు శ్రద్ధగా రాసిపెట్టాడు. రంగం నుంచి వచ్చినవారి బిడ్డలు, మనుమలు మన ఊళ్ళలోనే ఉన్నారు. వారికి గుర్తున్న నాలుగు మాటలు కాగితం మీదికెక్కితే మన పల్లెల చరిత్రకూ ఆధారం దొరుకుతుంది.