పాలిమర్ ద్రావణాల స్నిగ్ధత: ఉష్ణోగ్రత, ప్రవాహ స్థితుల ప్రభావం

ఉపోద్ఘాతం

పాలిమర్ ద్రావణపు స్నిగ్ధతను ఒకే సంఖ్యగా పేర్కొనడం పరిపాటి. అయితే ఆ విలువను ఏ ఉష్ణోగ్రత వద్ద, ఏ ప్రవాహ స్థితిలో కొలిచారో తెలియనప్పుడు దాని ఆధారంగా గణించిన అణుభారం కూడా సందేహాస్పదమే అవుతుంది.

ఉష్ణోగ్రత ప్రభావం

నీటి స్నిగ్ధత 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 1.00, 30 డిగ్రీల వద్ద 0.80 మిల్లీపాస్కల్-సెకన్లు. అంటే డిగ్రీకి సుమారు 2 శాతం తగ్గుదల. ఇది స్వల్పంగా కనిపించినా, పర్యవసానం స్వల్పం కాదు. పాలీవినైల్ ఆల్కహాల్ జలద్రావణపు సాపేక్ష స్నిగ్ధత 1.20 అనుకుందాం. నీటిని కొలిచిన తరువాత తొట్టి ఒక డిగ్రీ వేడెక్కితే ఆ విలువ 1.176గా నమోదవుతుంది. ఒకటి తీసివేయగా మిగిలే విశిష్ట స్నిగ్ధత 0.20కి బదులు 0.176, అంటే దోషం 12 శాతం. మార్క్–హౌవింక్ ఘాతాంకం 0.7 అయి, ఈ దోషం అలాగే కొనసాగితే అణుభారం సుమారు 17 శాతం తక్కువగా తేలుతుంది.

వేడి చేస్తే స్నిగ్ధత తగ్గడం అన్ని ద్రావణాలకూ వర్తించే నియమం కాదు. మిథైల్ సెల్యులోజ్ చల్లని నీటిలో కరుగుతుంది. వేడి చేసినప్పుడు గొలుసుల చుట్టూ ఉన్న నీటి అణువులు తొలగి, మిథైల్ సమూహాలు పరస్పరం చేరువై, ద్రావణం జెల్‌గా మారుతుంది. చల్లబరిస్తే తిరిగి ద్రవమవుతుంది. అందువల్ల పరిమిత ఉష్ణోగ్రతా వ్యాప్తిలో లభించిన అర్హీనియస్ సరళరేఖను దాని అవధులు దాటించి పొడిగించరాదు.

ప్రవాహ ప్రభావం

గాఢత పెరిగినప్పుడు పాలిమర్ గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. ప్రవాహం నెమ్మదిగా ఉంటే, చెదిరిన గొలుసులు తమ పూర్వస్థితికి చేరుకోగలవు. స్నిగ్ధత స్థిరంగా ఉంటుంది. ద్రవపు పొరల మధ్య వేగభేదాన్ని సూచించే షియర్ రేటును గొలుసు విశ్రాంతి కాలంతో గుణించగా వచ్చే విలువ ఒకటిని మించితే, గొలుసులు ప్రవాహ దిశలో సాగి అమరుతాయి, స్నిగ్ధత తగ్గుతుంది. సెల్యులోజ్ ఈథర్ కలిపిన గోడరంగు కుంచె కింద సులువుగా పరచుకొని, ఆపై జారకుండా నిలవడానికి ఇది ఒక కారణం.

ఈ రెండు ప్రభావాలూ పరస్పర స్వతంత్రాలు కావు. సాధారణంగా ఉష్ణోగ్రత పెరిగితే విశ్రాంతి కాలం తగ్గి, పలుచబడటం మరింత అధిక షియర్ రేటు వద్ద మొదలవుతుంది. కనుక ఒకే అధిక షియర్ రేటు వద్ద వివిధ ఉష్ణోగ్రతల్లో తీసిన కొలతల నుండి గణించిన ఉత్తేజన శక్తి, శూన్య షియర్ స్నిగ్ధత నుండి గణించిన దానికంటే తక్కువగా వస్తుంది.

ముగింపు

స్నిగ్ధత విలువతో పాటు ద్రావణి, గాఢత, ఉష్ణోగ్రత, షియర్ రేటులను తప్పక పేర్కొనాలి. షియర్ రేటును పెంచుతూ, తిరిగి తగ్గిస్తూ కొలవడం కూడా అవసరం. రెండు వక్రాలూ ఏకీభవించకపోతే నిర్మాణం ఇంకా కోలుకోలేదనో, గొలుసులు తెగాయనో అనుమానించాలి.