చిన్న కెమేరా – గుణదోష విచారణ

'ఫోటోగ్రఫీ' గ్రీకు భాషా పదాలతో కూర్చిన మాట. వెలుగుతో రాయడం అని దాని అర్థం. తెలుగులో దీనికి స్థిరపడిన మాట 'ఛాయాచిత్రణం'. ఛాయ అనే పదానికి నీడ, ప్రతిబింబం, కాంతి అనే అర్థాలున్నాయి. ఒకే కళకు ఒక భాష వెలుగును బట్టి, మరొక భాష ఛాయను బట్టి పేరు పెట్టుకోవడం ఆలోచింపదగిన విషయం. వెలుగూ నీడా కలిస్తేనే చిత్రం ఏర్పడుతుంది. అట్లే ఏ పరికరంలోనైనా గుణమూ దోషమూ కలిసే ఉంటాయి. వాటిని వేరుచేసి చూడగల వివేకమే ఆ పరికరాన్ని వాడే అర్హతను ఇస్తుంది.

చొక్కా జేబులోనో, చేతిసంచిలోనో ఇమిడిపోయే చిన్న డిజిటల్ కెమేరాను కాంపాక్టు కెమేరా అంటారు. దీని కటకాన్ని, అంటే లెన్సును, ఊడదీసి మరొకటి అమర్చడానికి వీలుండదు. వెలుగును కొలవడం, దూరాన్ని నిర్ణయించడం వంటి పనులను చాలావరకు అదే చేసుకుంటుంది. 2000 తరువాతి దశాబ్దంలో మధ్యతరగతి ఇళ్లలో పెళ్లిళ్లకు, యాత్రలకు వెంట వెళ్లిన కెమేరా ఇదే. దీని బలాబలాలను తూచి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వరంగం

ఫ్రాన్సు దేశస్థుడు నియెప్స్ 1826–27 ప్రాంతంలో తన ఇంటి కిటికీలోనుంచి కనిపించే దృశ్యాన్ని లోహఫలకంపై నిలిపాడు. ఆ ఒక్క చిత్రానికి అనేక గంటల వెలుగు కావలసివచ్చింది. 1839లో డాగైర్ పద్ధతి లోకానికి వెల్లడైన తరువాత ఛాయాచిత్రణం దేశదేశాలకు వ్యాపించింది. హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో పేరుగాంచిన రాజా దీన్‌దయాళ్ గాజుపలకలపై చిత్రాలు తీశాడు. ఆ రోజుల్లో ఛాయాచిత్రకారుడు బయటికి కదిలితే బరువైన పెట్టె, ముక్కాలిపీట, గాజుపలకలు కూడా అతనితో కదలవలసి వచ్చేది.

1888లో అమెరికా దేశస్థుడు జార్జి ఈస్ట్‌మన్ నూరు చిత్రాలకు సరిపడే ఫిల్ము చుట్టతో చేతిలో పట్టుకొనే కెమేరాను విపణిలోకి తెచ్చాడు. దానితో ఛాయాచిత్రణం సామాన్యులకు చేరువైంది. 1969లో బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అనే శాస్త్రజ్ఞులు కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చి చదవడానికి వీలైన సి.సి.డి. అనే పరికరాన్ని రూపొందించారు. ఆ కృషికి 2009లో వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 1975లో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తొలి డిజిటల్ కెమేరాను తయారుచేశాడు. దాని బరువు సుమారు మూడున్నర కిలోలు. అది ఒక్క నలుపు తెలుపు చిత్రాన్ని క్యాసెట్టుపై నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది. 1995లో కాసియో సంస్థ వెనుకవైపు చిన్న తెర ఉన్న కెమేరాను అమ్మకానికి తెచ్చింది. తీసిన బొమ్మను అక్కడికక్కడే చూసుకొనే సౌకర్యం అప్పటినుంచి సామాన్యుడి చేతికి వచ్చింది.

పనిచేసే తీరు

డిజిటల్ కెమేరాలో ఫిల్ముకు బదులు సెన్సర్ అనే పలక ఉంటుంది. దానిపై లక్షలాది సూక్ష్మమైన కాంతి గ్రాహకాలు గళ్లగళ్లుగా అమరి ఉంటాయి. ఒక్కొక్క గడి తనపై పడిన వెలుగును కొలిచి ఒక అంకెగా మారుస్తుంది. ఆ అంకెలనుండి రూపొందే చిత్రంలోని ఒక్కొక్క బిందువే పిక్సెల్. పది లక్షల పిక్సెళ్లు ఒక మెగాపిక్సెల్.

సాధారణమైన చిన్న కెమేరాలో సెన్సర్ వెడల్పు సుమారు 6.2 మిల్లీమీటర్లు, ఎత్తు సుమారు 4.6 మిల్లీమీటర్లు. అది మన చిటికెనవేలి గోరుకంటె చిన్నది. పాత ఫిల్ము రీలులో ఒక్కొక్క చిత్రానికి 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేది. వైశాల్యంలో ఇది దాదాపు ముప్పై రెట్లు పెద్దది. నేటి ఖరీదైన పెద్ద కెమేరాలు కొన్నింటిలో సెన్సర్ ఈ ఫిల్ము కొలతతోనే ఉంటుంది. చిన్న కెమేరా మంచిచెడ్డలు చాలావరకు ఈ ఒక్క వ్యత్యాసంనుండే పుడుతున్నాయి.

గుణాలు

మొదటి గుణం వెంట ఉండడం. ఎంత గొప్ప కెమేరా అయినా బరువుకు జంకి ఇంట్లో వదలి వెళితే దానివల్ల ప్రయోజనం లేదు. జేబులో ఉన్న చిన్న కెమేరా దారిలో కనిపించిన శిథిల మండపాన్నీ, పొలంగట్టున ఒరిగిన శాసనస్తంభాన్నీ, పండుగనాడు అరుగుమీద నవ్వుతూ కూర్చున్న నాయనమ్మనూ నిలుపగలదు. రోడ్డు వెడల్పు పనుల్లో ఆ మండపం రేపు ఉండకపోవచ్చు. ఆ నవ్వును మళ్లీ చూసే అవకాశం రాకపోవచ్చు.

రెండవ గుణం పొదుపు. ఫిల్ము రోజుల్లో ఒక రీలుకు సాధారణంగా 36 చిత్రాలు వచ్చేవి. రీలు కడిగించి, అచ్చు వేయించిన తరువాతగాని అవి ఎలా వచ్చాయో తెలిసేది కాదు. డిజిటల్ కెమేరాలో బొమ్మ బాగా రాకపోతే వెంటనే మరొకటి తీయవచ్చు. తప్పుచేసి దిద్దుకొనే అవకాశం ఖర్చు లేకుండా లభించడం నేర్చుకొనేవారికి గొప్ప మేలు.

మూడవది, దగ్గరి వస్తువులను స్పష్టంగా చిత్రించే శక్తి. సెన్సర్ చిన్నదైనకొద్దీ కటకం కూడా పొట్టిదవుతుంది. అందువల్ల ముందున్నవీ, వెనుకనున్నవీ కూడా ఇంచుమించు సమానమైన స్పష్టతతో కనిపిస్తాయి. నాణెం, పువ్వు, తాళపత్రం వంటి వాటిని చిత్రించేటప్పుడు ఇది బాగా ఉపకరిస్తుంది.

నాలుగవది, కటకాన్ని ముందుకు వెనుకకు జరిపి దూరపు వస్తువును దగ్గరగా చూపే ఆప్టికల్ జూమ్. గోపురం మీది బొమ్మను నేలమీద నిలబడి తీయడానికి ఇది పనికివస్తుంది. డిజిటల్ జూమ్ దీనికి భిన్నమైనది. అది ఉన్న చిత్రంలో కొంత భాగాన్ని కత్తిరించి పెద్దదిగా చూపుతుందే తప్ప కొత్త వివరాన్ని చేర్చదు. కొనేవారు ఈ భేదాన్ని తప్పక తెలుసుకోవాలి.

దోషాలు

వానలో ఒక గంగాళాన్నీ, ఒక చిన్న గిన్నెనూ పక్కపక్కన పెడితే ఎక్కువ నీరు గంగాళంలో చేరుతుంది. సెన్సర్ల విషయమూ అంతే. చిన్న సెన్సర్‌పై పడే వెలుగు మొత్తం తక్కువ. పగటి ఎండలో ఈ లోటు తెలియదు. వెలుగు తగ్గినచోట కెమేరా బలహీనమైన సంకేతాన్ని బలవంతంగా పెంచవలసి వస్తుంది. అప్పుడు చిత్రమంతటా రంగురంగుల గరుకు చుక్కలు తేలుతాయి. దీనినే నాయిస్ అంటారు. దాన్ని తొలగించడానికి కెమేరా చిత్రాన్ని నునుపు చేస్తుంది. ఆ ప్రయత్నంలో సన్నని గీతలు కూడా చెరిగిపోతాయి.

లేపాక్షి వీరభద్రాలయ మండపం పైకప్పున విజయనగర కాలంనాటి వర్ణచిత్రాలున్నాయి. మసకవెలుగులో ఉన్న అటువంటి చిత్రాలను తీసేటప్పుడు చిన్న కెమేరా బలహీనత బయటపడుతుంది. చీరల అంచులు, ఆభరణాల గీతలు అలుక్కుపోతాయి. ఫ్లాష్ వెలిగిద్దామంటే దాని కాంతి కొద్ది మీటర్లకు మించి చేరదు. పైగా ప్రాచీన వర్ణచిత్రాలున్న చోట్ల వాటి రక్షణ కోసం ఫ్లాష్ వాడకాన్ని సాధారణంగా అనుమతించరు.

చిన్న కెమేరాలో ఫ్లాష్ కటకానికి మరీ దగ్గరగా ఉంటుంది. ఆ కాంతి కంటిలోపలి రక్తనాళాలు నిండిన పొరపై పడి నేరుగా కటకంలోకి తిరిగి రావడంవల్ల మనుషుల కళ్లు ఎర్రగా కనిపిస్తాయి. శాసనం విషయంలో ఫ్లాష్ చేసే చెరుపు మరొక విధమైనది. ఎదురుగా పడిన వెలుగు అక్షరాల గాడుల్లోని నీడలను తుడిచివేస్తుంది. నీడ పోతే అక్షరమూ కనపడదు. ఉదయమో సాయంత్రమో ఏటవాలు ఎండ పక్కనుంచి తగిలేవేళ ఫ్లాష్ లేకుండా తీస్తే, మధ్యాహ్నం కనిపించని అక్షరాలు కూడా చదవడానికి అందుతాయి.

వెలుగును స్వయంగా కొలిచే యంత్రం సాధారణంగా దృశ్యాన్ని నలుపు తెలుపులకు నడుమనుండే బూడిదరంగుగా ఊహించుకుంటుంది. 1213లో నిర్మితమైన రామప్ప ఆలయంలో నున్నగా చెక్కిన నల్లరాతి మదనికలు ప్రసిద్ధమైనవి. వాటితో చట్రం నిండేటట్లు తీస్తే రాయి నల్లదనం పోయి వెలసినట్లు కనిపించవచ్చు. తెల్లసున్నం వేసిన గోడను తీస్తే అది మాసినట్లు రావచ్చు. కెమేరాలో కూడిక, తీసివేత గుర్తులున్న సదుపాయం ఈ పొరపాటును సవరించడానికే. నలుపుకు వెలుగును తగ్గించాలి, తెలుపుకు పెంచాలి.

ఇక కాలవిలంబం మరొక దోషం. పాత నమూనాల్లో బటన్ నొక్కిన తరువాత చిత్రం నమోదు కావడానికి కొంత వ్యవధి పట్టేది. కూచిపూడి నర్తకి ఎగిరిన క్షణంలో నొక్కితే, నేలమీద నిలిచిన భంగిమ చిక్కేది. బటన్‌ను ముందుగా సగం వరకు నొక్కి దూరాన్ని స్థిరపరచుకుంటే ఈ ఆలస్యం చాలావరకు తగ్గుతుంది. మండుటెండలో వెనుక తెర సరిగా కనిపించకపోవడం, బ్యాటరీ త్వరగా ఖర్చు కావడం కూడా చెప్పుకోదగిన లోపాలే.

అంకెల మాయ

చిన్న కెమేరాలు విరివిగా అమ్ముడైన రోజుల్లో పెట్టెమీద పెద్ద అక్షరాలతో కనిపించినది మెగాపిక్సెళ్ల సంఖ్య. ఆ సంఖ్య పెరిగితే నాణ్యత కూడా అంతే పెరుగుతుందనే భ్రమ వ్యాపించింది. లెక్క చూద్దాం. 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు గల అచ్చుబొమ్మకు అంగుళానికి 300 బిందువుల చొప్పున 1800, 1200 బిందువులు కావాలి. వీటి లబ్ధం 21,60,000. అంటే రెండు మెగాపిక్సెళ్లకు కొంచెం ఎక్కువ. ఎ-4 కాగితం నిండా అచ్చువేయడానికి కూడా దాదాపు తొమ్మిది మెగాపిక్సెళ్లు చాలు.

సెన్సర్ వైశాల్యం పెంచకుండా గళ్ల సంఖ్యను మాత్రమే పెంచితే ఒక్కొక్క గడి చిన్నదవుతుంది. ఒకే పళ్లెంలో పది గిన్నెలకు బదులు నూరు ప్రమిదలు సర్దితే కురిసే వాన పెరగదు, ఒక్కొక్క దానిలో చేరే నీరు తగ్గుతుంది. కనుక కొనేవారు ముందుగా అడగవలసినవి సెన్సర్ కొలత, కటకం నాణ్యత. 2012 తరువాత ప్రాచుర్యంలోకి వచ్చిన మేలురకం చిన్న కెమేరాల్లో సుమారు 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 మిల్లీమీటర్ల ఎత్తు గల సెన్సర్లున్నాయి. ఇవి సాధారణ చిన్న సెన్సర్లకు దాదాపు నాలుగు రెట్లు. వెల కూడా అందుకు తగినట్లే ఎక్కువ.

ఫోను వచ్చిన తరువాత

జపాను కెమేరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో విపణికి తరలిన డిజిటల్ కెమేరాలు 12 కోట్లకు పైబడినవి. వాటిలో అత్యధికభాగం చిన్న కెమేరాలే. 2020లో అన్ని రకాలూ కలిపినా కోటికి చేరలేదు. ఎప్పుడూ వెంట ఉండడమనే గుణం మొబైల్ ఫోనుకు ఇంకా ఎక్కువగా ఉండడమే ఈ మార్పుకు ముఖ్యకారణం. నేటి ఫోన్లు క్షణంలో అనేక చిత్రాలు తీసి, వాటిని కలిపి, నాయిస్‌ను తగ్గించగలుగుతున్నాయి.

అంతమాత్రాన చిన్న కెమేరా నిరుపయోగమైనదని తీర్మానించరాదు. పలుచని ఫోనులో ఇమడని పొడవైన జూమ్ దానికుంది. ముక్కాలిపీటపై బిగించే మర ఉంది. దాని బ్యాటరీ, జ్ఞాపకం వేరు పనులకు ఖర్చుకావు. పిలుపులు, సందేశాలు మధ్యలో వచ్చి చూపును మరల్చవు. ఇటీవల కొందరు యువతీయువకులు పాత చిన్న కెమేరాలను వెతికి మరీ వాడుతున్నారు. ఒకనాడు దోషాలని ఎంచిన గరుకుదనం, ఫ్లాష్ తీవ్రత వారికి ఇష్టమైన లక్షణాలయ్యాయి.

ఔచిత్య దృష్టి

ఈ చివరి విషయం మన అలంకారశాస్త్రజ్ఞులకు కొత్తది కాదు. కొన్ని దోషాలు నిత్యం కావని 9వ శతాబ్దిలోనే ఆనందవర్ధనుడు గుర్తించాడు. చెవికి కటువైన శబ్దం శృంగారంలో దోషం. అదే రౌద్రరసంలో రాణిస్తుంది. 11వ శతాబ్దికి చెందిన క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు.

ఈ కొలమానం పరికరాలకు కూడా వర్తిస్తుంది. చిన్న కెమేరాలో ముందువెనుకలు రెండూ స్పష్టంగా కనిపించడం తాళపత్రాన్ని తీసేటప్పుడు గుణం. ఒక మనిషి ముఖాన్ని వెనుకనున్న గందరగోళంనుండి వేరుచేసి చూపాలనుకున్నప్పుడు అదే దోషం. చిన్నతనం వెంట తీసుకుపోవడానికి అనుకూలం, చీకటిలో ప్రతికూలం. కాబట్టి "ఏ కెమేరా మంచిది?" అన్న ప్రశ్నకు ముందు "ఏ పనికి, ఏ వెలుగులో?" అన్న ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాలి. యాత్రకు, ఊరి విశేషాల సేకరణకు, దగ్గరి వస్తువులకు చిన్న కెమేరా చాలు. రాత్రి ప్రదర్శనలకు, చీకటి మండపాలకు, గోడంత అచ్చుచిత్రాలకు పెద్ద సెన్సర్ అవసరం.

తీయడంతో పని పూర్తికాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితులచేత, లేఖకులచేత తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించాడు. శిథిలమయ్యే తాళపత్రాలలోని సాహిత్యం ఇలా ప్రతినుండి ప్రతికి ఎక్కుతూ మన వరకు వచ్చింది. డిజిటల్ చిత్రానికి ప్రతి తీయడం క్షణంలో పని. అయినా ఒకే మెమరీ కార్డులో వదిలివేయడంవల్ల అది చెడిననాడు ఎన్నో కుటుంబాల జ్ఞాపకాలు ఒక్కసారిగా పోతున్నాయి. చిత్రాలను కనీసం రెండు వేరు వేరు చోట్ల భద్రపరచాలి. కెమేరాలో తేదీ సరిగా ఉన్నదో లేదో చూసుకోవాలి. తీసిన ఊరు, చిత్రంలోని మనుషుల పేర్లు రాసి ఉంచాలి. పేరులేని ముఖం మూడవ తరానికి అపరిచితమవుతుంది.

చిన్న కెమేరా శక్తికి హద్దులున్నాయి. ఆ హద్దులను ఎరిగి, తగిన వెలుగును, తగిన వేళను ఎంచుకొని వాడేవారి చేతిలో అది సమర్థంగా పనిచేస్తుంది. పరికరం గుణదోషాలను ఎరగనివారి చేతిలో ఎంత ఖరీదైన కెమేరా అయినా అలంకారంగానే మిగులుతుంది.