అర్ధరాత్రి ఆపద.. ఏ పరీక్ష ఎందుకు?

రాత్రి పదకొండు గంటలు. మీ మగ పిల్లి పొద్దుట్నుంచీ లిట్టర్ ట్రేలోకి వెళ్తోంది, వస్తోంది. కూచుని ముక్కుతోంది. మలబద్ధకమేమో, రేపు చూద్దాంలే అనుకున్నారు. ఇప్పుడది ఓ మూల నక్కింది. పొట్ట ముట్టుకుంటే అరుస్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టర్ పొట్ట తడిమి చూసి, 'ముందు రక్తపరీక్ష, ఈసీజీ చేయాలి' అన్నారు. మూత్రం రాని పిల్లికి గుండె పరీక్ష ఎందుకు? బిల్లు పెంచటానికా? ఇలాంటి అనుమానం రావటం సహజమే. కానీ పిల్లి ప్రాణం నిలవటానికి ఆ పరీక్షే కీలకం.

మగ పిల్లుల మూత్రమార్గం చాలా సన్నగా ఉంటుంది. స్ఫటికాలో, జిగురు ముద్దో అడ్డుపడితే మూత్రం బయటకు రాదు. దీంతో మూత్రంతో పాటు పోవాల్సిన పొటాషియం రక్తంలో పోగుపడుతుంది. ఇది మితిమీరితే గుండె లయ నెమ్మదించి, ఆగిపోయే ప్రమాదముంది. అందుకే మత్తు ఇచ్చి గొట్టం వేసేముందు పొటాషియం ఎంతుందో, గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తారు. అవసరమైతే ముందుగా గుండెను కాపాడే క్యాల్షియం ఇంజెక్షన్ ఇస్తారు. జబ్బు ఒకచోట ఉంటే ముప్పు మరోచోట పొంచి ఉండొచ్చు. అత్యవసర పరీక్షలు ముందుగా వెతికేది ఈ ముప్పునే.

ముందు చూపు, స్పర్శ

తొలి పరీక్షలకు యంత్రాలతో పనిలేదు. శ్వాస, గుండె, స్పృహ.. ఈ మూడింటినీ చూస్తారు. పెదవి పైకెత్తి చిగుళ్లను పరిశీలిస్తారు. గులాబీ రంగులో, తడిగా ఉంటే మంచిదే. పాలిపోతే రక్తం తగ్గటం లేదా షాక్, నీలంగా మారితే ఆక్సిజన్ లోపం, పచ్చబడితే కామెర్లు ఉండొచ్చని అనుమానిస్తారు. చిగురును వేలితో నొక్కి వదిలితే, తెల్లబడిన చోటు 2 సెకన్లలోపు తిరిగి రంగు తేలాలి. ఆలస్యమైతే రక్తప్రసరణ మందగించినట్టే. కుక్కలకు, పిల్లులకు మామూలు ఉష్ణోగ్రతే సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మనకైతే అది జ్వరం, వాటికి కాదు. ఎండదెబ్బ తగిలితే ఇది 105 కూడా దాటొచ్చు.

ఇవన్నీ చూస్తూనే ఆక్సిజన్, సెలైన్ వంటివి మొదలుపెడతారు. ఫలితాలన్నీ చేతికి వచ్చేవరకు చికిత్స ఆగదు.

కొన్ని రక్తం చుక్కలతో..

సన్నటి గాజు గొట్టంలో రక్తం నింపి యంత్రంలో వేగంగా తిప్పితే కొద్ది నిమిషాల్లోనే ఎర్ర రక్తకణాలు విడివడి అడుగుకు చేరతాయి. రక్తంలో వీటి వాటాయే పీసీవీ. కుక్కల్లో ఇది సుమారు 37 నుంచి 55 శాతం ఉంటుంది. తగ్గితే రక్తహీనత, బాగా పెరిగితే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. పైన తేలే ద్రవం పసుపు పచ్చగా ఉంటే కామెర్లని, ఎర్రగా ఉంటే రక్తకణాలు పగిలిపోతున్నాయని అనుమానిస్తారు. లోపల రక్తస్రావం మొదలైన వెంటనే పీసీవీ తగ్గకపోవచ్చు. అందుకే కొద్ది గంటలయ్యాక మళ్లీ చేస్తారు. 'ఇందాక చేశారుగా' అని వద్దనకండి. ఒక్క అంకె కన్నా అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే ముఖ్యం.

చిన్న జాతి కుక్కపిల్లలు తిండి మానేస్తే గ్లూకోజు పడిపోయి ఫిట్స్ రావొచ్చు. ఒక్క చుక్క రక్తంతో ఇది బయటపడుతుంది. ఇంట్లోని గ్లూకోమీటర్ మనుషుల కోసం తయారైంది. కుక్క రక్తంలో అది అసలు కన్నా తక్కువ చూపొచ్చు. కాబట్టి దాన్ని నమ్ముకొని మీరే నిర్ణయానికి రావొద్దు.

మన దగ్గర పిడుదుల జ్వరాలు ఎక్కువ. ముక్కులోంచి రక్తం, ఎర్రటి మూత్రం, తీవ్ర నీరసం ఉంటే రక్తాన్ని గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శినితో చూస్తారు. బబీసియా క్రిములు ఎర్ర కణాల్లో కనిపించొచ్చు. ఎర్లీకియా సోకితే ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. క్రిములు కనిపించనంత మాత్రాన జబ్బు లేదనుకోవటానికి లేదు. అనుమానం బలంగా ఉంటే పీసీఆర్ పరీక్ష చేయిస్తారు.

టీకాలు పూర్తికాని కుక్కపిల్లకు వాంతులు, రక్త విరేచనాలు అవుతుంటే మలం నమూనాతో పార్వో కిట్ పరీక్ష చేస్తారు. ఫలితం నిమిషాల్లోనే తెలుస్తుంది. తొలిదశలో నెగెటివ్ కూడా రావొచ్చు.

ముందు స్కానా, ఎక్స్‌రేనా?

బండి గుద్దిన కుక్క లేచి నడుస్తున్నా లోపల రక్తం కారుతుండొచ్చు. పొట్ట మీద నాలుగు చోట్ల అల్ట్రాసౌండ్‌తో చూస్తే కొద్ది నిమిషాల్లోనే ఇది తెలుస్తుంది. గర్భసంచి తీయించని ఆడకుక్క, ఎద తగ్గిన కొద్ది వారాలకు నీళ్లు విపరీతంగా తాగుతూ తిండి మానేస్తే గర్భసంచిలో చీము పట్టిందేమో కూడా స్కాన్‌లో చూస్తారు.

గ్రేట్‌డేన్, జర్మన్ షెపర్డ్ వంటి లోతైన ఛాతీ గల కుక్కలు వాంతి రాకుండా ఊరికే వోక్ వోక్‌మంటూ, పొట్ట డోలులా ఉబ్బితే జీర్ణాశయం మెలిపడి ఉండొచ్చు. దీన్ని ఎక్స్‌రే పట్టిస్తుంది. పరిస్థితి విషమంగా ఉంటే ముందు సెలైన్ పెట్టి, గ్యాస్ తీసేస్తారు. ఊపిరాడని పిల్లినీ బలవంతంగా ఎక్స్‌రే బల్ల మీద పడుకోబెట్టరు. ఆ పెనుగులాటకే ప్రాణం పోవొచ్చు. ముందు ఆక్సిజన్, ఆ తర్వాతే ఎక్స్‌రే.

మీరు చెప్పాల్సినవి

ఏ యంత్రానికీ అందని సమాచారం మీ దగ్గర ఉంటుంది. ఎలుకల మందు తిన్న కుక్క ఆ రోజు హుషారుగానే ఉండొచ్చు. కొన్ని రకాల మందులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. ఆ తేడా పరీక్షలో కనిపించటానికి సుమారు 2 రోజులు పట్టొచ్చు. కాబట్టి ఆ మందు ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి. జ్వరంగా ఉందని పిల్లికి పారసిటమాల్ వేశారా? సంకోచించకుండా చెప్పేయండి. అది పిల్లులకు విషం. రక్తం చాక్లెట్ రంగుకు మారిపోతుంది. దీనికి విరుగుడు ఉంది. కానీ ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది.

ఒక్క జబ్బు విషయంలో మాత్రం పరీక్ష కోసం ఎదురుచూడొద్దు. బతికున్న జంతువులో రేబిస్‌ను కచ్చితంగా తేల్చే పరీక్ష లేదు. అనుమానమున్న కుక్కో, పిల్లో కరిచినా, గీరినా గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా తీసుకోవాలి.

ఖర్చు గురించి..

డబ్బు గురించి అడగటానికి మొహమాటపడొద్దు. 'ఈ రాత్రి చికిత్సను మార్చే పరీక్ష ఏది? రేపటిదాకా ఆగగలిగేది ఏది?' అని అడగండి. చేతిలో ఎంతుందో కూడా చెప్పండి. దాన్నిబట్టి డాక్టర్ పరీక్షల వరస నిర్ణయిస్తారు. మీ ఊళ్లో రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాల ఏదో, అక్కడ స్కాన్, ఎక్స్‌రే ఉన్నాయో లేదో ఇప్పుడే కనుక్కొని ఫోన్ నంబరు రాసిపెట్టుకోండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో బోధనాసుపత్రులూ ఉన్నాయి. వాటి వేళలూ తెలుసుకోండి.

మగ పిల్లి మాటిమాటికీ ముక్కుతూ చుక్క మూత్రం కూడా పోయకపోతే మాత్రం తెల్లవారేదాకా చూడొద్దు. ఆ రాత్రే బయల్దేరండి.