వాక్యాలల్లే యంత్రం – సరిచూసే మనిషి

పెడన కలంకారీ వ్యాపారికీ, మచిలీపట్నం రోల్డుగోల్డు తయారీదారుకీ, గుడివాడ మిల్లరుకీ, దివిసీమ రొయ్యల ఎగుమతిదారుకీ ఇవాళ ఒకే సలహా అందుతోంది: 'జనరేటివ్ ఏఐ వాడండి' అని. అది ఏమిటో వివరించే పని సాంకేతిక నిపుణులకే వదిలివేయడం సరికాదు. దాని ముడిసరుకు భాష కనుక రచయితలకూ అందులో బాధ్యత ఉంది.

ఈ యంత్రపు మూలసూత్రాలలో ఒకటి కవిత్వాన్ని లెక్కించడంలో రూపుదిద్దుకుంది. 1913లో రష్యన్ గణితవేత్త మార్కోవ్, పుష్కిన్ 'యెవ్‌గెనీ ఒనేగిన్' నుంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తర్వాత హల్లు, హల్లు తర్వాత అచ్చు ఎంత తరచుగా వస్తాయో లెక్కగట్టాడు. ముందున్నదాన్ని బట్టి రాబోయేదాన్ని అంచనా కట్టవచ్చునని చూపాడు. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన 'ట్రాన్స్‌ఫార్మర్' పద్ధతి, వాక్యంలో ఎడంగా ఉన్న మాటల సంబంధాన్ని కూడా లెక్కలోకి తెచ్చింది. 2022 నవంబరు 30న విడుదలైన చాట్‌జీపీటీకి ఆధారం అదే. అపారమైన రాతల మీద శిక్షణ పొందిన ఈ యంత్రం, తర్వాత రాదగిన మాట ముక్కను ఒక్కొక్కటిగా ఎంచుకుంటూ పోతుంది.

రాదగిన మాట నిజమైన మాటే కానక్కరలేదు. శ్రీకాళహస్తిలో బొమ్మను కలంతో గీస్తారు. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. రెండింటి పేరూ కలంకారీయే. అందుచేత పెడన చీర మీది పువ్వును కలంతో గీశారని యంత్రం తడబడకుండా రాయగలదు. ఆ వాక్యాన్ని అచ్చువేసి చీరకు తగిలించిన వ్యాపారి కొనేవారిని మోసగించినట్టే. అచ్చు చెక్కినవారి శ్రమ, అద్దినవారి శ్రమ లెక్కలోకి రాకుండా పోతాయి.

అయితే దీన్ని ఎక్కడ వాడవచ్చు? ఉత్తరానికి చిత్తుప్రతి, అనువాదం, పెద్ద పత్రానికి సారాంశం - విషయం తెలిసినవారు సరిచూస్తే అప్పగించవచ్చు. చెరువు నీటిలో ప్రాణవాయువు, ధాన్యంలో తేమ ఎంతో మనం కొలిచి చెబితే వివరిస్తుంది. అడిగితే ఊహించి కూడా చెబుతుంది. ఆ ఊహను నమ్మి చెరువు నష్టపోతే జవాబుదారీ యంత్రం కాదు. ఖాతాదారుల వివరాలు దానికిచ్చే ముందు, అవి ఎవరి కంప్యూటర్లలోకి పోతున్నాయో తెలుసుకోవాలి.

తెలుగులో దానికి దొరికిన రాత ఇంగ్లీషుతో పోలిస్తే చాలా తక్కువ. అందులో అద్దకం పనివారి మాట ఇంకా తక్కువ. కనుక మన ప్రాంతపు వృత్తుల విషయంలో సరిచూసే మనిషి అవసరం మరీ ఎక్కువ. ఖర్చు తగ్గుతుందని ఆ పని తెలిసిన గుమాస్తానే తొలగించే యజమాని, తప్పును పట్టుకోగల ఒకే ఒక్క కన్నును పోగొట్టుకుంటాడు. యంత్రం కొనే ముందు అతడు వేసుకోవలసిన ప్రశ్న: ఇది రాసినదాన్ని సరిచూసేదెవరు? ఆ శ్రమకు కూలి ఇచ్చేదెవరు?