రైడర్‌నే... కానీ నా కాలివేళ్లు నాకే అందలేదు!

కోరుట్లలో మా ఇంటి అరుగు మీద కూర్చుని అమ్మ బీడీలు చుడుతుంది. ఒళ్లో చేట పెట్టుకుని బాసింపట్టు వేసిందంటే మూడు గంటలైనా కదలదు. నేనేమో కబడ్డీ ప్లేయర్‌ని. ఎనిమిదో తరగతి నుంచి ఆడుతున్నా, రైడ్‌కి వెళ్తే చేపపిల్లలా జారిపోతానని పేరు. అలాంటి నేను యోగా క్లాసు మొదటి రోజు అమ్మలా పది నిమిషాలు కూర్చోలేకపోయా. మోకాళ్లు గాల్లో, నడుము గూనిలా... అద్దంలో చూసుకుంటే నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

యోగాకి ఇష్టంతో వెళ్లలేదు. వేరే దారి లేక వెళ్లా.

కబడ్డీ చూసేవాళ్లకి తెలుసు, బోనస్ పాయింటు ఎంత మోజైనదో. అవతల ఆరుగురు, ఏడుగురు డిఫెండర్లు ఉన్నప్పుడు ఒక కాలు బోనస్ లైన్ దాటించాలి, ఆ క్షణంలో రెండో కాలు నేలకి తగలకూడదు. అంటే శరీరం బరువంతా చాచిన ఒక్క కాలి మీదే. జగిత్యాలలో ప్రాక్టీసులో సరిగ్గా అలా చాచినప్పుడే తొడ వెనకాల 'టప్' మంది. హామ్‌స్ట్రింగ్. మూడు వారాలు రెస్ట్ అన్నారు. నేను రెండో వారమే దిగా. మళ్లీ పట్టేసింది. కోలుకుని దిగితే మూడోసారి.

డిగ్రీ ఫైనలియర్. స్పోర్ట్స్ కోటా మీద ఆశ. ఆట ఆగితే మా ఇంట్లో తర్వాత వచ్చే మాట పెళ్లే. బంధువులు అప్పటికే ఫొటోలు అడుగుతున్నారు. అప్పుడు మా కోచ్ సార్ అన్నారు: "ఉరికింది చాలు బిడ్డా. ఇగ వంగుడు నేర్చుకో."

అలా పొద్దున్నే కోరుట్లలో బస్సెక్కి జగిత్యాల యోగా క్లాసుకి వెళ్లడం మొదలైంది. అక్కడంతా షుగర్ ఉన్న అంకుళ్లు, నడుంనొప్పి ఆంటీలు. నా పక్కన అరవై దాటిన ఒక పెద్దమ్మ. పశ్చిమోత్తానాసనంలో, అంటే కాళ్లు చాపి కూర్చుని ముందుకి వంగే ఆసనంలో, హాయిగా ముక్కుని మోకాలికి ఆనించేసింది. నా చేతులు పిక్కల దగ్గరే ఆగిపోయాయి. ప్లేయర్‌ని కదా, ఊరుకుంటానా? ఇంటికొచ్చి రీల్స్ చూసుకుంటూ పొద్దునా సాయంత్రం కాళ్లు పట్టుకుని లాగడమే పని. పది రోజుల్లో కాలివేళ్లు అందాయి. సెల్ఫీ తీసి టీమ్ గ్రూపులో పెట్టా కూడా.

పదకొండో రోజు బస్సులో కూర్చోలేకపోయా. పిర్ర కింద, సరిగ్గా సీటుకి ఆనే ఎముక దగ్గర మంట.

మేడంకి చెబితే తిట్టారు. హామ్‌స్ట్రింగ్ పైకొస మొదలయ్యేదే ఆ ఎముక దగ్గరట. మోకాళ్లు బిగబట్టి, నడుము గుండ్రంగా వంచి లాగితే ఆ భారమంతా అక్కడి నరంలాంటి తాడు మీద పడుతుందట. "నీ కాలివేళ్లతోని నీకేం పని? ఈడ బోనస్ పాయింట్ ఇస్తున్నరా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట లోపల దిగింది. నేను యోగా చేయలేదు, యోగాతో కబడ్డీ ఆడా.

తర్వాత నా లిస్ట్ మారిపోయింది. వెల్లకిలా పడుకుని పాదానికి చున్నీ వేసి కాలు లేపడం, అదే సుప్త పాదాంగుష్ఠాసనం. నేల వీపుకి ఆసరాగా ఉంటుంది కాబట్టి నడుము మోసం చేయలేదు. సేతుబంధాసనం, కొన్నాళ్లకి అదే ఒంటికాలితో. ఇందులో సాగడం కంటే బలమే ఎక్కువ. ఇక నాకు బాగా నచ్చింది వీరభద్రాసనం మూడో రకం. ఒంటికాలి మీద నిలబడి, ఒంటిని నేలకి సమాంతరంగా ముందుకి వంచి, రెండో కాలిని వెనక్కి చాపాలి. ఒక్క కాలి మీద బరువాపడం ఇంచుమించు బోనస్ లాంటిదే, కాకపోతే స్లో మోషన్‌లో. మొదట్లో ఐదు సెకన్లకే గోడ పట్టుకునేదాన్ని.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నా కాలిని యోగా ఒక్కటే బాగుచేయలేదు. మోకాళ్ల మీద నిలబడి, మడమలు ఎవరైనా పట్టుకుంటే ఒంటిని మెల్లగా ముందుకి వాల్చే ఎక్సర్‌సైజ్ ఫిజియో నేర్పారు. అదీ రోజు మార్చి రోజు చేశా. నరకం! ఇంకోటి, మ్యాచ్‌కి ముందు నిమిషాల తరబడి సాగదీసి పట్టుకునే ఆసనాలు వద్దు. కండరం కాసేపు వదులై స్పీడు తగ్గుతుంది. మ్యాచ్ ముందు ఉరుకుడు, కాళ్లు ఊపడం. సాగదీయడం ఆట అయ్యాకే.

నేను అసలు ఊహించనిది శ్వాస సంగతి. భ్రామరి చేసేటప్పుడు గాలి వదులుతూ తుమ్మెదలా 'మ్‌మ్' అని శబ్దం చేస్తాం. చేస్తూ చేస్తూ ఒకరోజు ఆగిపోయా. ఇది కూతే కదా! రైడ్ ముప్పై సెకన్లు. కబడ్డీ కబడ్డీ అనడమంటే గాలిని కొంచెం కొంచెంగా వదలడమే. నేను మొదటి పది సెకన్లలోనే ఊపిరంతా అరిచేసి, చివర్లో కంగారుపడి దొరికిపోయేదాన్ని. ఊపిరి నిదానంగా వదిలితే గుండె వేగం కూడా తగ్గుతుందని మేడం చెప్పారు. అది ఒంటికి అర్థం కావడానికి నాకు నెల పట్టింది.

ఇదంతా పెద్దాళ్లు చేసే పని అని మా టీమ్‌లో వెక్కిరింపు ఉండేది. ఫోన్‌లో వెతికి చూపించా. బాస్కెట్‌బాల్ దిగ్గజం కరీం అబ్దుల్ జబ్బార్ ఎన్‌బీఏలో ఇరవై సీజన్లు ఆడి 1989లో 42 ఏళ్లకి రిటైరయ్యాడు. అన్నాళ్లు ఆడటానికి యోగా కారణమని చెప్పుకున్నాడు. హామ్‌స్ట్రింగ్ తెగ ఇబ్బంది పెట్టిన ఫుట్‌బాలర్ ర్యాన్ గిగ్స్ కూడా యోగా పట్టుకుని 40 ఏళ్ల దాకా మాంచెస్టర్ యునైటెడ్‌కి ఆడాడు. మన గోపీచంద్ సార్‌కి 1994లో మోకాలు దెబ్బతింది, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ఆటగాళ్లకి ధ్యానం అవసరమని ఇప్పటికీ చెబుతుంటారు.

తమాషా ఏంటంటే యోగాసన కూడా ఇప్పుడు పోటీ ఆటే. 2020 డిసెంబరులో కేంద్ర క్రీడల శాఖ గుర్తింపు ఇచ్చింది. 2022లో పంచకులలో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో, అదే ఏడాది గుజరాత్ నేషనల్ గేమ్స్‌లో కూడా ఉంది. మా క్లాసుకొచ్చే తొమ్మిదో తరగతి పాప వెన్ను విల్లులా వంచేస్తుంది. "అక్కా, నువ్వు కూడా పోటీకి రారాదూ" అంది. నవ్వేశా. తన ఆటలో ఎంత వంగితే అంత మార్కు. నాకు మ్యాచ్‌లో కాలు పట్టకుండా ఉంటే చాలు.

ఐదు నెలల తర్వాత సిరిసిల్లలో టోర్నీ. రెండో మ్యాచ్, సెకండాఫ్. అవతల ఆరుగురు. బోనస్ తీసుకోవాలా వద్దా అని కాలు కంటే ముందు మెదడే ఆగిపోయింది. కూత మాత్రం ఆగలేదు. చాచా. వెనక కాలు లేచింది. 'టప్' కోసం ఎదురుచూశా. రాలేదు. రెఫరీ బొటనవేలు పైకెత్తాడు.

మ్యాచ్ మూడు పాయింట్లతో ఓడిపోయాం. ఆఖరి రైడ్‌లో పట్టుబడింది నేనే.

రాత్రి అక్కడే ఉన్న చిన్నమ్మ ఇంటికి వెళ్లా. వాళ్ల గల్లీ అంతా మరమగ్గాలే, మేం సాంచాలంటాం. టకటకటకమని చప్పుడు ఆగదు. గోడకి కాళ్లు ఆనించి పడుకున్నా. "ఏమైందే బిడ్డా, మళ్ల కాలు పట్టిందా?" అంటూ చిన్నమ్మ గాబరాగా వచ్చింది.

"పట్టలే చిన్నమ్మా. ఓడిపోయినం అంతే."

"అట్లనా" అని, అన్నం పెట్టడానికి లోపలికి పోయింది. సాంచాల చప్పుడు లెక్కపెడుతూ ఊపిరి వదలడం మొదలుపెట్టా.